పడవను కొత్త చోటికి తరలించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులో గ్రాండ్ యూనియన్ కాలువ మీద బ్రాన్‌స్టన్‌లో పడవ కట్టుకోవడానికి చోటు దొరికిందని, స్టోక్ బ్రూయర్న్ లాకుల దిగువ నుంచి పడవను అక్కడికి చేర్చడానికి తొమ్మిది మంది స్నేహితులు సాయం వస్తామన్నారని రాశావు. సంతోషం. వారిలో ఆరుగురికి ఇప్పుడే ఫోను చేసి, పడవ చేరాక భోజనానికి రమ్మని చెప్పు. నీతో కలిపి నలుగురు చాలు. వెనక చుక్కాని దగ్గర ముగ్గురు నిలబడితేనే నీకు మోచేయి ఆడదు. మిగిలినవాళ్లు పైకప్పెక్కి కూర్చుంటారు, ఫొటోలు తీసుకుంటూ వంతెన వచ్చినప్పుడు తల దించడం మర్చిపోతారు. ముప్పై ఏళ్లుగా ఈ కాలువల మీద తిరుగుతున్నాను. పడవ నన్ను ఇబ్బంది పెట్టిన సందర్భాలు తక్కువ, సాయం వచ్చినవాళ్లు పెట్టినవే ఎక్కువ.

ఇది రెండు రోజుల పని. ఇరవై మైళ్ల పైన దూరం, 20 లాకులు. లాకంటే రెండు వైపులా గేట్లున్న అర, నీళ్లు నింపితే పడవ ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. గంటకు మూడు మైళ్లు, లాకుకు పావుగంట చొప్పున లెక్క వేసుకో. వేగ పరిమితి నాలుగు మైళ్లు కదా అంటావేమో. గట్టుకు కట్టి ఉన్న పడవల పక్క నుంచి ఆ వేగంతో వెళ్తే వాళ్లు దిగగొట్టుకున్న మేకులు ఊడి వస్తాయి, లోపల టీ ఒలుకుతుంది, ఆ తరువాత కిటికీలోంచి వచ్చే మాటలు నువ్వే వినాలి. మొదటి రోజు ఏడు లాకులు ఎక్కి, బ్లిస్‌వర్త్ సొరంగం దాటి, రాత్రికి వీడన్ దగ్గర ఆగు. పక్కనే రైలు మార్గం కాబట్టి నిద్ర అంతంత మాత్రమే. అయినా మరునాడు 13 లాకులున్నాయి, బక్‌బీలో ఎక్కేవి ఏడు, బ్రాన్‌స్టన్‌లో దిగేవి ఆరు. అందుకని అంతవరకూ రావడమే మేలు. దారిలో ఏ లాకైనా మూసి ఉందేమో, కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ప్రకటనల్లో బయలుదేరే ముందు రోజు మరోసారి చూడు. నవంబరు నుంచి మార్చి వరకు మరమ్మతుల కాలం. పడవ ఉండే చోటు మారుతోందని లైసెన్సు కోసం వాళ్లకు తెలియజేయడం కూడా మర్చిపోకు.

ఇక మనుషుల సంగతి. ఒక్కొక్కరికి ఒక్క పని అప్పగించు, మధ్యలో మార్చకు. ఇద్దరు లాకుల దగ్గర, ఒకరు తాళ్ల దగ్గర, నువ్వు చుక్కాని దగ్గర. లాకు దగ్గర నీళ్లు వదిలే తలుపులను ప్యాడిళ్లంటారు. వాటిని ఎత్తే వంకర ఇనుప పిడి విండ్లాస్. ఎత్తడం అయిపోగానే పిడిని ఊడదీసి చేతిలో పట్టుకోవాలని ముందే చెప్పు. దాన్ని ఇరుసు మీదే వదిలేస్తే, పళ్ల చక్రాన్ని ఆపే కొక్కెం జారిన క్షణంలో అది గిర్రున తిరిగి ఎగిరి వస్తుంది. దవడ పగిలిన మనిషిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నువ్వు చెయ్యెత్తి సైగ చేసేదాకా ఎవరూ ప్యాడిల్ ముట్టకూడదు. ఇంజను చప్పుడులో కేకలు వినిపించవు.

లాకు ఎక్కేటప్పుడు తొందరపడితే పడవ అటూ ఇటూ కొట్టుకుంటుంది. దిగేటప్పుడు తొందరపడితే మునుగుతుంది. లాకు పై గేటు అడుగున నీళ్లలో ఒక గడప ఉంటుంది, లోపలికి పొడుచుకొచ్చి. నిండుగా ఉన్నప్పుడు కనిపించదు. అదెక్కడిదాకా ఉందో చెప్పడానికే గట్టు అంచు మీద తెల్ల గీత గీస్తారు. పడవ వెనక భాగం ఎప్పుడూ ఆ గీతకు ముందే ఉండాలి.

ఒకసారి నేను ఆ గీత చూడలేదు. పడవ మీద ఏడుగురం, ఎవరో కథ చెబుతుంటే అందరం నవ్వుతున్నాం. నీళ్లు దిగుతున్నాయి. ముందు వంటగదిలో ఒక గిన్నె జారిన చప్పుడైంది, తరువాత అరలోని పళ్లేలన్నీ ఒక్కసారిగా. చూస్తే ముక్కు కిందికి దిగుతోంది, నేను నిలబడ్డ వైపు దిగడం లేదు. చుక్కాని అడుగు గడప మీద కూర్చుంది. నా నోట మాట రాలేదు. గట్టు మీదున్న కుర్రాడు, అందరిలోనూ తక్కువ మాట్లాడేవాడు, ఎవరూ చెప్పకుండానే కింది గేటు ప్యాడిళ్లు దించేశాడు. ఆ తరువాత పై గేటు వైపు నుంచి మెల్లగా నీళ్లు వదిలితే పడవ తేలింది. మూసేది ముందు, నింపేది తరువాత. ఈ వరుసను నీవాళ్ల చేత రెండుసార్లు చెప్పించు. లాకుల దగ్గర ఎవరిని పెట్టాలో కూడా ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది.

బ్లిస్‌వర్త్ సొరంగం 3,076 గజాలు, 1805 నాటిది. గాలి కోసం తవ్విన బావుల్లోంచి నెత్తిన నీళ్లు పడతాయి, వానకోటు వేసుకో. ఎదురుగా పడవ వచ్చినా రెండింటికీ చోటు సరిపోతుంది, కుడివైపు ఉండి వేగం తగ్గిస్తే చాలు. ఎదుటి దీపం వంక చూడకు, నీ పక్క గోడను చూడు. బ్రాన్‌స్టన్ సొరంగం దీనికంటే చిన్నదే, కానీ లోపల కొంచెం వంకర తిరిగి ఉంటుంది.

కారు సంగతి ఎవరూ ఆలోచించరు. పడవ చేరాక మీ నలుగురూ బయలుదేరిన చోటికి ఎలా వెళ్తారు? ముందు రోజే ఒక కారును బ్రాన్‌స్టన్‌లో వదిలిరండి. దాని తాళాలు పడవలోనే ఉండాలి. ఒకసారి మేము కారునైతే జాగ్రత్తగా చేర్చాం, తాళాలు మాత్రం బయలుదేరిన చోట నిలిపిన రెండో కారులో ఉండిపోయాయి.

కొత్త చోట ఆపేటప్పుడు చూసేవాళ్లు ఉంటారు, అక్కడే అందరికీ హడావిడి పుడుతుంది. పడవ గట్టుకు ఆనేదాకా ఎవరూ దూకకూడదు, అడుగు పెట్టి దిగాలి. మొదట నడిమి తాడు పట్టుకోవాలి. ముందు తాడు లాగితే వెనక భాగం కాలువ మధ్యకు పోతుంది. గట్టుకో, పక్క పడవకో తగులుతుందనిపిస్తే తగలనివ్వు. పదిహేను టన్నుల ఇనుమును కాలు అడ్డం పెట్టి ఆపుదామని చూసేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు, వాడికి ముందే చెప్పు. కట్టేశాక, అందరూ భోజనానికి తొందరపెడుతున్నా సరే, ప్రొపెల్లర్ ఇరుసు దగ్గర గ్రీజు పిడిని, లోపలికి కారే నీటి చుక్క ఆగేదాకా తిప్పి అప్పుడు రా.

రెండో రోజు మధ్యాహ్నం బ్రాన్‌స్టన్ పై లాకు దగ్గర నా విండ్లాస్‌తో ఉంటాను. దిగే ఆరింటికీ గట్టు మీద నేనుంటాను. నువ్వు ఆ తెల్ల గీత చూసుకో.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

మీ మామయ్య