బీపీ మిషన్ కొనేముందు కొలవాల్సింది చేతిని

నాన్నగారికి రోజూ ఇంట్లో బీపీ చూసి రాసుకు రమ్మని డాక్టర్ చెప్పారని, మణికట్టుకు పెట్టేది కొనాలా, జబ్బకు కట్టేదా, బ్లూటూత్ ఉంటే మేలా అని అడిగారు. జబ్బకు కట్టే ఆటోమేటిక్ డిజిటల్ మిషనే తీసుకోండి. బ్లూటూత్ సంగతి ఆఖర్న చూడొచ్చు. మా అమ్మకు కొన్నేళ్లుగా ఇంట్లో బీపీ చూసేది నేనే కాబట్టి, అమ్మేవాళ్లు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను: నాన్నగారి జబ్బ చుట్టుకొలత ఎంత?

బట్టలు కుట్టేవాళ్లు వాడే టేపుతో, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడదీసి కొలవండి. చాలా మిషన్లతో వచ్చే మామూలు కఫ్, అంటే చేతికి చుట్టే గాలి పట్టీ, సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతులకు సరిపోతుంది. 42 దాకా పనికొచ్చే పెద్ద కఫ్‌తో వచ్చేవీ ఉన్నాయి. ఎంత వరకు సరిపోతుందో డబ్బా మీదా, కఫ్ మీదా రాసి ఉంటుంది.

మా అమ్మది కాస్త లావు చేయి. మామూలు కఫ్ కడితే పై నంబరు తరచూ 150 దాటేది, మందు డోసు పెంచాలేమోనన్న మాట కూడా వచ్చింది. క్లినిక్‌లో ఒక నర్సు చేయి చూసి, పెద్ద కఫ్ తెచ్చి కడితే 140 లోపుకు దిగింది. కఫ్ లోపల గాలి నిండే సంచి చేతి చుట్టూ దాదాపు 80 శాతం అయినా రావాలి. చిన్నదైతే రక్తనాళాన్ని నొక్కడానికి ఎక్కువ గాలి కొట్టాల్సి వస్తుంది, ఆ అదనపు ఒత్తిడే బీపీగా కనిపిస్తుంది. సన్నటి చేతికి పెద్ద కఫ్ కడితే రీడింగ్ తగ్గి చూపిస్తుంది. నన్నడిగితే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి పరుగెడతాం, తక్కువ వస్తే హాయిగా కూర్చుంటాం కదా.

తర్వాత చూడాల్సింది ఆ మోడల్‌ను సరిగ్గా పరీక్షించారా లేదా అన్నది. ఈ మిషన్లు డాక్టర్‌లా స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినవు. కఫ్‌లో గాలి ఒత్తిడి మారుతున్నప్పుడు నాడి కొట్టుకునే అదురును పట్టి, కంపెనీ సొంత లెక్కతో పై నంబరు, కింది నంబరు తేలుస్తాయి. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో రకం, అందుకే మనుషుల మీద పరీక్షించి చూడటం తప్పనిసరి. అలా నెగ్గిన మోడళ్ల జాబితాలు స్ట్రైడ్ బీపీ సైట్‌లోనూ, బ్రిటిష్ అండ్ ఐరిష్ హైపర్‌టెన్షన్ సొసైటీ సైట్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. కంపెనీ పేరు ఒక్కటే చూస్తే చాలదు, మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆన్‌లైన్ స్టార్ రేటింగ్‌లను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. ఆ రోజు తన అసలు బీపీ ఎంతో తెలియని మనిషి, మిషన్ కరెక్టుగా చూపిస్తోందని ఎలా చెప్పగలడు?

మణికట్టు మిషన్లు సులువుగానే ఉంటాయి కానీ, చేయి గుండె ఎత్తులో లేకపోతే లెక్క తప్పుతుంది. పది సెంటీమీటర్లు కిందికి ఉంటే ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఏ కఫ్ పట్టనంత లావు చేయి ఉన్నవాళ్లకు డాక్టర్ సలహాతో వాడొచ్చు. కఫ్ లేకుండా బీపీ చెబుతామనే వాచీలను మందుల విషయంలో నమ్మకండి. నాన్నగారికి గుండె లయ తప్పే సమస్య ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి, అలాంటివాళ్లకు ఒక్క రీడింగ్ నమ్మదగింది కాదు. గర్భిణుల కోసమైతే వాళ్ల మీద విడిగా పరీక్షించిన మోడలే కావాలి.

ఇక సౌకర్యాలు. పెద్ద అంకెలు, ఒకే బటన్, పాత రీడింగ్‌లు దాచుకునే మెమరీ ఉంటే చాలు. కఫ్ విడిగా దొరుకుతుందో లేదో కనుక్కోండి, అరిగిపోతే మార్చుకోవచ్చు. బ్లూటూత్ ఉన్నా లేకున్నా, మా డాక్టర్ అమ్మ నోట్‌బుక్కే తిరగేస్తారు.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఎక్కువ చూపించిన చేతికే తర్వాతెప్పుడూ చూడాలి. తేడా పదికి మించి ఉంటూ ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కఫ్‌ను చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే కట్టాలి. మాట్లాడకూడదు. మా అమ్మకు కఫ్ బిగుసుకోగానే ఊళ్లో సంగతులన్నీ గుర్తొస్తాయి, అందుకే బటన్ నొక్కి నేను పక్క గదిలోకి వెళ్లిపోతాను.

డాక్టర్‌ను కలిసే ముందు వారం రోజులు, ఉదయం మందు వేసుకోకముందూ సాయంత్రమూ, నిమిషం తేడాతో రెండేసి రీడింగ్‌లు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. క్లినిక్‌లో 140/90ని హద్దుగా చూస్తే, ఇంట్లో దానికి సమానం 135/85. ఒక్క రీడింగ్ ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడి వరసగా నొక్కుతూ పోతే అది ఇంకా పెరుగుతుంది. కానీ 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొన్న మిషన్‌ను మొదటి అపాయింట్‌మెంట్‌కి వెంట తీసుకెళ్లి అక్కడి దానితో పోల్చి చూపించుకోండి. ఆ తర్వాత ఏడాదికోసారి అలా చూపిస్తే సరిపోతుంది.