ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్: ఎవరిని తీసుకుంటారు, ఎందుకు వద్దంటారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల క్యాన్సర్ క్లినికల్ ట్రయల్స్ గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి మా వైద్య బృందం జవాబులు ఇవి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. ఎడినోకార్సినోమా, నాలుగో స్టేజ్ అన్నారు. వచ్చే సోమవారం మొదటి కీమో. ఏదైనా ట్రయల్ ఉంటే చేర్చాలనుకుంటున్నాం. ఒకటి రెండు సైకిళ్లు అయ్యాక అడిగితే సరిపోతుందా? అసలు ఎవరిని తీసుకుంటారు? (ఉప్పల్ నుంచి ఒక పాఠకురాలు)

సోమవారం లోపే అడగండమ్మా. నాలుగో స్టేజ్‌కి మొదటి చికిత్సగా కొత్త మందును పరీక్షించే ట్రయల్స్‌లో, ఒక్క సైకిల్ కీమో పడినా సాధారణంగా తీసుకోరు. గడ్డ తగ్గితే అది కొత్త మందు వల్లా, ముందు పడిన కీమో వల్లా అన్నది తేల్చలేరు కదా. కీమో పనిచేయడం మానేశాక చేరే ట్రయల్స్ వేరే ఉంటాయి. వాటికి ముందు చికిత్స జరిగి ఉండటమే అర్హత. మొదటి సైకిల్‌తో దారులన్నీ మూసుకుపోవు, కానీ ఒక ముఖ్యమైనది మూసుకుపోతుంది.

అలాగని ట్రయల్ కోసం వెతుకుతూ వారాల తరబడి చికిత్స ఆపొద్దు. ఆయాసం పెరుగుతున్నా, ముఖం, మెడ వాస్తున్నా, దగ్గులో రక్తం పడుతున్నా, డాక్టర్ చెప్పిన చికిత్స వెంటనే మొదలుపెట్టాలి. ఈ విషయంలో మా బృందంలో రెండో అభిప్రాయం లేదు.

ఇక ఎవరిని తీసుకుంటారన్న మాట. మొదట చూసేది క్యాన్సర్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం నాన్ స్మాల్ సెల్ రకం, మిగిలినవి స్మాల్ సెల్. ఒకదాని ట్రయల్‌లోకి రెండోదాన్ని తీసుకోరు. మీ నాన్నగారిది నాన్ స్మాల్ సెల్‌లోకే వస్తుంది. తర్వాత స్టేజ్, అప్పటివరకు జరిగిన చికిత్స చూస్తారు.

ఆ తర్వాత మనిషి ఎంత ఓపికగా ఉన్నాడో చూస్తారు. దీన్ని ఈకాగ్ స్కోరు అంటారు. అన్ని పనులూ మామూలుగా చేసుకుంటే 0. బరువు పనులు చేయలేకపోయినా తిరుగుతూ తేలికపాటి పనులు చేసుకుంటే 1. తన పని తాను చూసుకుంటూ, ఉద్యోగం, కష్టం చేయలేక, మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా లేచి తిరుగుతుంటే 2. చాలా ట్రయల్స్ 0, 1 దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడొక చిక్కు ఉంది. నొప్పికి సరైన మందు లేక రాత్రంతా నిద్రపోని మనిషి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఆయాసపడే మనిషి 2 గానో 3 గానో కనిపిస్తారు. నీరు తీయించి, నొప్పి అదుపులోకి తెస్తే అదే మనిషి వారంలో 1కి రావచ్చు. స్క్రీనింగ్‌కు (ట్రయల్‌కు అర్హులా కాదా అని చూసే పరీక్షలకు) వెళ్లేముందే మీ డాక్టర్‌తో ఈ రెండూ మాట్లాడండి.

స్కాన్‌లో కొలవడానికి వీలైన గడ్డ ఒకటైనా ఉండాలి. సీటీలో కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. లింఫ్ గ్రంథి అయితే అడ్డంగా 15 మిల్లీమీటర్లు. ఎముకలోకి మాత్రమే పాకిన జబ్బును, నీటిని ఇలా కొలవలేరు. రేడియేషన్ ఇచ్చిన గడ్డను, అది మళ్లీ పెరిగినట్టు తేలితే తప్ప లెక్కలోకి తీసుకోరు.

రక్త పరీక్షల హద్దులు ట్రయల్‌ను బట్టి మారినా, తరచూ కనిపించేవి ఇవి: హిమోగ్లోబిన్ 9, ప్లేట్‌లెట్లు లక్ష, న్యూట్రోఫిల్స్ 1,500 ఉండాలి. బిలిరుబిన్ ల్యాబ్ గరిష్ఠ హద్దుకు ఒకటిన్నర రెట్లు, లివర్ ఎంజైములు రెండున్నర రెట్లు దాటకూడదు. లివర్‌కు పాకి ఉంటే ఎంజైముల్లో ఐదు రెట్ల దాకా ఒప్పుకుంటారు. కిడ్నీకి క్రియాటినిన్ ఒక్కటే చూడరు. వయసు, బరువు కలిపి క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో లెక్కకడతారు. సన్నగా ఉన్న పెద్దవాళ్లకు క్రియాటినిన్ 1.2 ఉన్నా ఈ లెక్కలో తక్కువ రావచ్చు. హిమోగ్లోబిన్ 9కి చేర్చాలని ముందు రోజు రక్తం ఎక్కించుకుంటే లాభం లేదు. ఎక్కించాక రెండు వారాల లోపు చేసిన పరీక్షను చాలా ట్రయల్స్ ఒప్పుకోవు.

అన్నిటికంటే ఎక్కువగా పని ఆగిపోయేది బయాప్సీ ముక్క దగ్గర. బయాప్సీ ఒక ఆస్పత్రిలో జరుగుతుంది, జన్యు పరీక్షకు ఇంకో ల్యాబ్‌కు పంపుతారు, ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాక్ అక్కడే ఉండిపోతుంది. ట్రయల్ వాళ్లకు కావలసింది రిపోర్టు కాదు, ఆ బ్లాక్, లేదా దాని నుంచి కొత్తగా కోసిన పది పదిహేను రంగు వేయని స్లైడ్లు. ఎప్పుడో కోసి పెట్టిన స్లైడ్లు పనికిరాకపోవచ్చు, కోశాక రోజులు గడిచేకొద్దీ పీడీఎల్1 లాంటి ప్రొటీన్ పరీక్షల్లో రంగు బలహీనపడుతుంది. సన్నని సూదితో తీసిన ఎఫ్‌ఎన్‌ఏసీలో కణాలు తరచూ చాలవు. ఎముక నుంచి తీసిన ముక్కను మెత్తబరచడానికి యాసిడ్ వాడితే డీఎన్ఏ పాడవుతుంది. అందుకని బ్లాక్ ఎక్కడుందో ఇవాళే కనుక్కుని, తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. బయాప్సీ ఇంకా కాని పాఠకులు, చేసే డాక్టర్‌కు “ట్రయల్ ఆలోచన ఉంది, కోర్ ముక్కలు (లావు సూదితో తీసేవి) నాలుగైదు తీయండి” అని ముందే చెబితే ఎంతో ఆదా.

ప్రశ్న: అమ్మకు 55 ఏళ్లు, పొగ అలవాటు లేదు. ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అని మాత్రలు వాడారు. ఏడాది తర్వాత గడ్డ మళ్లీ పెరిగింది. ఇమ్యునోథెరపీ ట్రయల్‌కు వెళితే, ఈజీఎఫ్ఆర్ ఉంది కాబట్టి కుదరదన్నారు. ఎందుకని? (మలక్‌పేట)

అమ్మగారికి అన్యాయం జరగలేదు, ఆ నిబంధన ఆవిడ రక్షణ కోసమే. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యువుల్లో మార్పులున్న క్యాన్సర్లలో ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే మందులు) ఒక్కటే ఇస్తే ఫలితం తక్కువ. పైగా ఇమ్యునోథెరపీ అయిన వెంటనే ఒసిమెర్టినిబ్ లాంటి ఈజీఎఫ్ఆర్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఆవిడకు సరిపోయేవి “మాత్ర పనిచేయడం మానేశాక” అన్న తరహా ట్రయల్స్. వాటికి, గడ్డ ఎందుకు మొండికేసిందో తెలియాలి. టీ790ఎం అనే కొత్త మార్పు వచ్చి ఉండవచ్చు, ఎంఈటీ అనే జన్యువు కాపీలు పెరిగి ఉండవచ్చు, కొందరిలో క్యాన్సర్ స్మాల్ సెల్‌గా మారిపోతుంది. ఈ చివరిది ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీలో మార్పు కనిపిస్తే నమ్మవచ్చు. ఏమీ కనిపించకపోతే మాత్రం లేదని అనుకోవడానికి వీల్లేదు, అప్పుడు మళ్లీ బయాప్సీ తప్పదు. రిపోర్టులో “ఈజీఎఫ్ఆర్ పాజిటివ్” అని ఊరుకుంటే చాలదు. ఆ జన్యువులో ఏ చోట ఏ మార్పు వచ్చిందో, అంటే ఎక్సాన్ 19 డిలీషనా, ఎల్858ఆర్ మార్పా, ఎక్సాన్ 20 ఇన్సర్షనా అన్నది స్పష్టంగా ఉండాలి. ఎక్సాన్ 20కి మందులూ వేరు, ట్రయల్సూ వేరు.

మెదడు ఎంఆర్ఐ కూడా అడుగుతారు. మెదడుకు పాకితే ఇక అంతే అనుకోకండి. దానికి చికిత్స జరిగి, సాధారణంగా నాలుగు వారాలు నిలకడగా ఉండి, స్టెరాయిడ్ అవసరం లేకుండా ఉంటే చాలా ట్రయల్స్ తీసుకుంటాయి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఆపగానే కొందరిలో జబ్బు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఎప్పుడు ఆపాలో ట్రయల్ డాక్టర్ చెప్పాలి.

ప్రశ్న: మా ఆయనకు ఎక్స్‌రేలో మచ్చ చూసి ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. తగ్గకపోతే బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. టీబీ చరిత్ర ఉంటే ట్రయల్‌లోకి రానివ్వరా? (సంగారెడ్డి)

మన దగ్గర ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. రెండు జబ్బులకూ దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో నీడ ఒకేలా ఉంటాయి. ప్రస్తుతం టీబీ ఉంటే ట్రయల్‌లోకి తీసుకోరు. కోర్సు పూర్తయి నయమైతే చాలా ట్రయల్స్ ఒప్పుకుంటాయి, కాకపోతే రుజువు అడుగుతాయి. ఇమ్యునోథెరపీలో టీబీ తిరగబెట్టిన సందర్భాలున్నాయి, ఆ భయంతోనే ఈ ప్రశ్నలు.

కళ్లె పరీక్ష, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) రిపోర్టులు, నిక్షయ్ (ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్) వివరాలు, మందులు మొదలైన తేదీ, చివరి మాత్ర వేసుకున్న తేదీ దగ్గర పెట్టుకోండి. ఆ చివరి తేదీ ఎందుకంటే, రిఫాంపిసిన్ లివర్‌లో మందులను విరిచే ఎంజైములను బాగా పెంచుతుంది. దాంతో క్యాన్సర్ మాత్ర రక్తంలో నిలవకుండా పోతుంది. రిఫాంపిసిన్ ఆపాక కూడా ఆ ప్రభావం పోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

మీ ఆయనకు ఏ పరీక్షలోనూ టీబీ క్రిమి కనిపించలేదా? అయితే “టీబీ నిర్ధారణ కాలేదు, మందులు అనుమానంతో ఇచ్చాం” అని ఛాతీ వైద్యుడితో రాయించుకోండి. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి అయినా, జిల్లా టీబీ కేంద్రం అయినా, వైద్యం చేసినచోటే రాయించుకోవాలి. ఈ ఒక్క కాగితం లేక స్క్రీనింగ్ ఆగిపోతుంటుంది. పాత ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు పారేయకండి. సీటీలో కనిపించే మచ్చ పాతదా కొత్తదా అని తేల్చేది అవే.

ప్రశ్న: మామగారికి 74 ఏళ్లు, షుగర్, గుండెకు స్టెంట్, నలభై ఏళ్లు బీడీ తాగారు. ఆశ ఉందా? (కూకట్‌పల్లి)

ఉంది. చాలా ట్రయల్స్‌కు 18 ఏళ్లు నిండాలన్నదే తప్ప పై వయసు హద్దు ఉండదు. బీడీ అడ్డు కాదు. షుగర్ అదుపులో ఉంటే చాలు. గుండెపోటు గత ఆరు నెలల్లో వచ్చి ఉంటే ఆపుతారు. ఈసీజీలో క్యూటీసీ (గుండె ప్రతి కొట్టుకోవడం తర్వాత విద్యుత్‌పరంగా తేరుకోవడానికి పట్టే సమయం) 470 మిల్లీసెకన్లు దాటినా కుదరదంటారు. ఒకటి మాత్రం దాచొద్దు: నాటు మందు, పసరు, భస్మం ఏది వాడుతున్నా చెప్పండి. లివర్ ఎంజైములు పెరగడానికి అదే కారణమైతే, ఆపి కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షించవచ్చు.

ప్రశ్న: ఒకరు ట్రయల్‌లో పేరు రాయించడానికి యాభై వేలు అడుగుతున్నారు. ఇవ్వాలా? నిజమైన ట్రయల్ అని ఎలా తెలుస్తుంది? (దిల్‌సుఖ్‌నగర్)

పైసా ఇవ్వకండి. ట్రయల్‌లో చేరడానికి రుసుము ఉండదు. పరీక్షించే మందు, దానికోసం చేసే అదనపు పరీక్షలు ఉచితం. దానితో పాటు ఇచ్చే మామూలు కీమో ఖర్చు ఎవరిదన్నది మాత్రం ట్రయల్‌కో రకంగా ఉంటుంది, అడిగి తెలుసుకోండి. ప్రయాణ ఖర్చులు ఇస్తామంటే అదీ కాగితంలో ఉండాలి.

మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి, అదీ మొదటి రోగిని చేర్చుకోకముందే. దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. జబ్బు పేరు ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చిన ప్రతి ట్రయల్‌లో నాలుగు చూడండి: భారత్‌లో ఇంకా రోగులను చేర్చుకుంటున్నారా, హైదరాబాద్‌లో ఏ ఆస్పత్రిలో జరుగుతోంది, ఆ ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ (రోగుల రక్షణ చూసే కమిటీ) అనుమతి వచ్చిందా, డీసీజీఐ (దేశ ఔషధ నియంత్రణాధికారి) అనుమతి ఉందా. తీసుకునే షరతులు, తీసుకోని షరతులు కూడా అక్కడే ఉంటాయి. విదేశాల్లో చేర్చుకుంటూ ఇక్కడ ముగిసిపోయినవీ ఉంటాయి, విదేశాల వివరం, భారత్ వివరం వేర్వేరు వరుసల్లో ఉంటాయి, ఆ రెంటినీ కలిపి చదవకండి. ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, ఇంకెక్కడ చూపించుకుంటున్నా, ఆ ట్రయల్ సీటీఆర్ఐ నంబరు రాసుకెళ్లి మీ డాక్టర్‌నే అడగండి. మధ్యలో మనిషి అక్కర్లేదు.

ప్రశ్న: సంతకాల ఫారంలో ఏడాది ఆదాయం, నామినీ పేరు అడిగారు. వీడియో తీస్తామన్నారు. భయమేస్తోంది. (మెహదీపట్నం)

నామినీ పేరు అడిగారంటే ప్రాణం పోతుందని కాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆ వివరాలు ఫారంలో ఉండాల్సిందే. ట్రయల్ కారణంగా మరణం జరిగితే పరిహారం ఎవరికి చేరాలన్నదానికే నామినీ. పరిహారం లెక్క 8 లక్షల మూల మొత్తంతో మొదలై వయసు, జబ్బు తీవ్రతను బట్టి మారుతుంది. మీ ఆదాయం ఆ సూత్రంలో లేదు. ట్రయల్‌లో ఉండగా ఏ హాని జరిగినా, దానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు వైద్యం ఉచితంగా చేయాలి.

కొత్త అణువుల (ఇంకా ఆమోదం పొందని కొత్త మందుల) ట్రయల్స్‌లో, ఒత్తిడికి లోనయ్యే స్థితిలో ఉన్న రోగులకు అన్నీ వివరించి చెప్పారనడానికి సాక్ష్యంగా వీడియో తీయాలి. అది మీకూ రక్షణే. వివరాలు తెలుగులో గానీ ఉర్దూలో గానీ, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. చదవడం రానివాళ్లకు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ చివరి దాకా పక్కన ఉండాలి. అక్కడికక్కడే సంతకం పెట్టమంటే పెట్టకండి. కాగితాలు ఇంటికి తెచ్చుకుని, మామూలు చికిత్స అయితే ఏం ఇస్తారు, ఎవరికి ఏ మందో లాటరీలా తేల్చే కంప్యూటర్ చీటీలో ఏ గుంపు పడితే ఏం అందుతుంది, స్కాన్లు ఎన్ని వారాలకోసారి, మందు పనిచేస్తే ట్రయల్ ముగిశాక కూడా ఇస్తారా అన్నవి రాసుకెళ్లి అడగండి. మధ్యలో ఎప్పుడైనా మానేయవచ్చు, దానివల్ల ఆ ఆస్పత్రిలో మీ వైద్యం ఆగకూడదు.

సంతకం అయ్యాకే స్క్రీనింగ్ మొదలవుతుంది. దానికి సాధారణంగా 28 రోజుల గడువు ఉంటుంది. సంతకం పెట్టినా స్క్రీనింగ్‌లో తప్పిపోయేవాళ్లు ఉంటారు. అలా జరిగితే ఏ షరతు దగ్గర ఆగిందో రాయించుకోండి. రక్త పరీక్షో, ఇన్‌ఫెక్షనో కారణమైతే, సరిచేసుకుని మరోసారి స్క్రీనింగ్‌కు రావడానికి చాలా ట్రయల్స్ ఒప్పుకుంటాయి. సంతకం చేసిన ఫారం ప్రతి ఒకటి మీకు ఇవ్వాలి, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండేది అందులోనే.