తెలిసిన రోడ్డు మీదే ఎందుకు గుద్దుకుంటారు?

"రోజూ తిరిగే రోడ్డు, ప్రతి గుంతా తెలుసు, అయినా సొంతూరి దగ్గరే ఎందుకు గుద్దుకుంటారు?" అని అడిగారు. తెలుసు కాబట్టే. కొత్త దారిలో కళ్లు వెతుక్కుంటూ పోతాయి. పాత దారిలో నిన్న చూసిందే ఇవాళా ఉంటుందని మనసు ముందే నిర్ణయించేసుకుంటుంది. మన పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు కాలవ గట్టు రోడ్లు మాత్రం పూటకోలా ఉంటాయి. సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు పొద్దున ఖాళీగా ఉన్న చోటే సాయంత్రానికి సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని మీద కప్పిన బరకం (టార్పాలిన్ పట్టా), బరకం లేవకుండా పెట్టిన రాళ్లు.

రాత్రి ఏడున్నర అనుకోండి. బండి 60లో వెళ్తోంది. ఎదురుగా చేపల లారీ, ఫుల్ లైటు. 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఏదో అడ్డం ఉందని గ్రహించి కాలు బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర, అంటే 25 మీటర్లు అయిపోయాయి. పొడి తారు మీద బండి ఆగడానికి ఇంకో 20 పైనే. మొత్తం 45 దాటింది. డిమ్ లైటులో మట్టి రంగు బరకం కనపడేదే మహా అయితే 40, 50 మీటర్లు. అదీ కళ్లు బాగుంటే. లారీ దాటాక కొన్ని సెకన్లు ఏమీ ఆనదు, ఆ సెకన్లలోనే రాళ్లొస్తాయి. గింజల మీద బ్రేకు పట్టారా, చక్రం జారి బండి కాలవ వైపే లాగుతుంది. అదే 40లో అయితే, పొడి తారు మీద మొత్తం 28 మీటర్లలోపే ఆగుతుంది.

ఇది లెక్క తెలియక జరిగేది కాదు. హైవే మీద 80లో వచ్చి గట్టు రోడ్డు ఎక్కినవాడికి 60 కూడా నడకలా అనిపిస్తుంది. వేగం ఒంటికి తెలిసే విషయమని నమ్ముతాం, ఒళ్లు చెప్పేది అబద్ధం. మీటరు చూడాల్సిందే. ఇంకో మోసం ఒంటి లైటు. లారీకి ఒక లైటు పోతే దూరంగా వస్తున్న బైకనుకుంటాం. చిన్నది దూరంగా ఉన్నట్టు, మెల్లగా వస్తున్నట్టు కనపడుతుంది. బైకుని చూసి కూడా కారువాళ్లు మలుపు తిరిగేది అందుకే.

ఏమీ కాకుండా ఇంటికి చేరిన ప్రతిసారీ "ఇలా పోయినా ఫర్వాలేదు" అన్న పాఠం గట్టిపడుతుంది. తాగి నడిపేవాడికీ, ఫోను చూసేవాడికీ అదే. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని, చెకింగ్ కనపడగానే నెత్తికెక్కించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొందరికి కాలవ కన్నా జరిమానా దగ్గరగా కనపడుతోంది. కింద బకిల్ పెట్టని హెల్మెట్ పడగానే ఎగిరిపోవచ్చు, బకిల్ కూడా పెట్టాల్సిందే. ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసే స్పీడ్ బ్రేకర్లు ఇంకో ఘోరం. తెల్లరంగు లేదు, బోర్డు లేదు.

చేయాల్సింది ఇది. ఎదురు లైటు కనపడగానే, కళ్లు చెదరకముందే యాక్సిలరేటర్ వదలండి, చూపు రోడ్డు ఎడమ అంచుకి తిప్పండి. లారీ దాటిన వెంటనే వేగం పెంచకండి, చూపు పూర్తిగా వచ్చాకే. పొగమంచులో ఫుల్ లైటు వేస్తే తెల్లగోడే కనపడుతుంది, డిమ్ ఉంచండి.

ట్రాక్టరు ఉన్నవాళ్లు ట్రక్కు (ట్రాక్టరుకి తగిలించే తొట్టి) వెనక ఈ చివరి నుంచి ఆ చివరికి రెండంగుళాల ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వేయండి. బురద, తుప్పు గీకి తుడిచాకే అంటించాలి, లేకపోతే మొదటి వానకే ఊడుతుంది. పొలం నుంచి వచ్చాక రోజూ తడిగుడ్డతో తుడవాలి, మట్టి పట్టిన టేపు మెరవదు. వెనక లైటు వెలగకపోతే ముందు ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య వైరు ప్లగ్గు చూడండి. ట్రక్కు విప్పినప్పుడు పీకి, మళ్లీ పెట్టరు. ధాన్యం రోడ్డు మీద పోయకపోవడమే మంచిది. తప్పనిసరై పోసినవాళ్లు చీకటి పడేలోపు కుప్ప ఎత్తేయండి, రాళ్లు మాత్రం అక్కడే వదిలి వెళ్లకండి.