క్యూ వచ్చి యూ రాకపోతే
అక్కా, ఒంగోలులో మీ బాబు స్క్రాబుల్ (ఇంగ్లిష్ అక్షరాల బిళ్లలతో గడుల మీద మాటలు కూర్చే ఆట) ఆడేటప్పుడు క్యూ వచ్చి, ఇంగ్లిష్‌లో దాని పక్కన మామూలుగా ఉండే యూ రాక ఇరుక్కుపోతున్నాడన్నారు. టెన్షన్ వద్దు. యూ అక్కర్లేని మాటలున్నాయి, ముందు క్యూ, ఐ రెండక్షరాల మాట నేర్పండి. పలికేది ‘చీ’ అని, చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి. క్యూకి 10 పాయింట్లు, ఐకి 1. అక్షరం విలువను మూడింతలు చేసే గడిలో క్యూ పెట్టి, అడ్డంగా, నిలువుగా రెండువైపులా ఐ కలిస్తే ఒక్కో మాటకి 31 చొప్పున 62 పాయింట్లు!

నాకు బాగా ఇష్టమైనది క్యూ-ఏ-ఎన్-ఏ-టీ. ఇరాన్‌లో కొండవాలు కింద సొరంగం తవ్వి, మోటారు లేకుండా వాలు మీదే పొలానికి నీళ్లు తెచ్చే కాలువ అది. మన ఉదయగిరి మెట్టలో బోర్లు వేసి అలసిన రైతుకి చెబితే చటుక్కున అర్థమవుతుంది. అర్థం పట్టుబడితే పిల్లాడికి స్పెల్లింగూ గుర్తుంటుంది. క్యూ-ఏ-టీ కూడా చెల్లుతుంది, యెమెన్‌లో నమిలే ఆకు. ఏ డిక్షనరీ ప్రకారం ఆడాలో మాత్రం ఆటకు ముందే అనుకోండి.