‘కిడ్నీ సంగతి రాయొద్దు’ అంటున్నాడు ఏజెంటు.. వినాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నగారికి 66 ఏళ్లు, అమ్మకు 61. డాలస్‌లో ఉన్న మా చెల్లికి పురుడని ఇద్దరూ అక్కడికెళ్లి అయిదు నెలలు ఉండబోతున్నారు. ఇంకా ఏడు వారాల టైముంది. నాన్నగారికి బీపీ ఉంది. ఉద్దానంలో అందరికీ ఉండే కిడ్నీ భయమే మాకూ ఉంది: కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో మూడేళ్లుగా ఆయనకు క్రియాటినిన్ 1.8, 1.9 వస్తోంది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోమన్నారు. అంతే తప్ప ‘కిడ్నీ జబ్బు’ అని చీటీలో ఎక్కడా రాయలేదు. అమ్మకు షుగరు తప్ప ఏమీ లేదు. ట్రావెల్ ఏజెంటు ‘ఇవన్నీ రాస్తే పాలసీ రాదు, అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేద్దాం’ అంటున్నాడు. అబద్ధం రాస్తే ప్రయాణమే మానేస్తానని నాన్నగారు పట్టుబట్టారు. ఇంట్లో రోజూ గొడవ, అమ్మ ఏడుపు. వీసాకే అక్కర్లేని ఇన్సూరెన్సు అసలు కొనాలా? మా ఊరి కుర్రాళ్లు గల్ఫ్‌కి వెళ్లేటప్పుడు మూడొందల చిల్లర కట్టారు, అలాంటిది చాలదా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ ఇంట్లో గొడవ నేను తీర్చేది కాదు. మీ వ్యవహారం తేలేది ఒక్క కాగితం దగ్గర. అది పాలసీ కాదు, పాలసీకి ముందు నింపే ప్రపోజల్ ఫారం. బీపీ, షుగరు, గుండె, కిడ్నీ సమస్యలున్నాయా, మందులు వాడుతున్నారా, పరీక్షల్లో ఏమైనా తేడా వచ్చిందా అని అందులో వరసగా అడుగుతారు. రేపు డాలస్ ఆసుపత్రి బిల్లు కంపెనీ కడుతుందా, మీరు జీడితోట అమ్మి కడతారా అన్నది ఆ గడుల్లో పెట్టే టిక్కులను బట్టే ఉంటుంది.

‘డాక్టరు జబ్బు పేరు రాయలేదు’ అన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. బీమా ఒప్పందం సంపూర్ణ విశ్వాసం మీద నడుస్తుంది. పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియం వేయాలి అన్న నిర్ణయాన్ని మార్చగల సంగతి మీకు తెలిసుంటే అది చెప్పి తీరాలి. మూడేళ్ల ల్యాబ్ రిపోర్టులు మీ బీరువాలోనే ఉన్నాయి. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తున్నారు. ‘మాకు తెలియదు’ అనడానికి ఇక చోటెక్కడ? కిడ్నీ జబ్బు, షుగరు సంగతి చెప్పకుండా మెడిక్లెయిమ్ (వైద్య ఖర్చుల బీమా) తీసుకున్న ఒకరి కేసు 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన చనిపోయాక భార్య క్లెయిమ్ అడిగారు. కంపెనీ తిరస్కరణ సరైనదేనని కోర్టు తేల్చింది. ఇక ‘షుగరు తప్ప ఏమీ లేదు’ అని అమ్మగారి గురించి రాశారు. షుగరు ఇంటింటా ఉండొచ్చు గానీ, ఫారంలో దానికంటూ ఒక గడి ఉంది. ఆవిడకూ విడిగా, పూర్తిగా రాయాలి.

ఏజెంటు మీకు చెప్పని లెక్క ఒకటుంది. నిజం రాసి పాలసీ తీసుకుంటే, మహా అయితే కిడ్నీ, బీపీ సంబంధమైన ఖర్చు కవర్ కాదు, లేదా కొంత పరిమితికే కవర్ అవుతుంది. మిగతాదంతా మీ చేతిలోనే ఉంటుంది. నాన్నగారు బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగినా, అపెండిక్స్ ఆపరేషన్ పడినా, న్యుమోనియా వచ్చినా క్లెయిమ్ అడగొచ్చు. దాచారనుకోండి, కిడ్నీతో సంబంధం లేని ఎముక కేసులోనూ కంపెనీ పాలసీ మొత్తాన్నే చెల్లదనొచ్చు. ‘విరిగిన ఎముకకూ క్రియాటినిన్‌కూ సంబంధమేంటి’ అని వినియోగదారుల కమిషన్‌లో వాదించవచ్చు, ఒక్కోసారి గెలవనూవచ్చు. ఈలోగా అమెరికా ఆసుపత్రి మీ చెల్లి పేరు మీదో నాన్నగారి పేరు మీదో బిల్లులు పంపుతూనే ఉంటుంది.

‘వాళ్లకెలా తెలుస్తుంది?’ అంటారేమో. మీరే చెబుతారు. ఎమర్జెన్సీలో చేర్చుకోగానే అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న పాత జబ్బుల గురించే. మీ చెల్లి భయంతో ‘మూడేళ్లుగా క్రియాటినిన్ ఎక్కువండీ’ అంటుంది. అది కేసు షీటులోకి ఎక్కుతుంది. చెప్పాలి కూడా, చెప్పకపోతే ఇచ్చే మందుల వల్లే ప్రాణం మీదకు రావచ్చు. పెద్ద క్లెయిమ్ వస్తే కంపెనీ ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు సర్టిఫికెట్టు, పాత రిపోర్టులు కూడా అడుగుతుంది. ఉద్దానం చిరునామా చూస్తే కిడ్నీ సంగతి ఇంకాస్త గట్టిగా అడుగుతారు.

దీనికి రెండో వైపు కూడా చూడండి. 2021 డిసెంబర్ 6న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ నాగరత్నల ధర్మాసనం విదేశీ ప్రయాణ మెడిక్లెయిమ్ మీదే తీర్పు ఇచ్చింది. అమెరికాలో పెళ్లికని వెళ్లిన వ్యక్తికి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటు వచ్చింది, మూడు స్టెంట్లు పడ్డాయి. కొలెస్ట్రాల్ మాత్రల సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆయన మాత్రం షుగరు ఉందని ప్రపోజల్‌లో ముందే రాశాడు, వైద్య పరీక్షా చేయించుకున్నాడు. ఉన్న జబ్బు తెలిసి, పరిస్థితి అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక అదే జబ్బు చూపించి తప్పించుకోవడానికి లేదని కోర్టు క్లెయిమ్ ఇప్పించింది. ఆయనను కాపాడింది ముందుగా రాసిన ఆ ఒక్క గడి.

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి. ఉత్తరం నాలుగు పేజీలు రాశారు. అందులో క్రియాటినిన్ మొదటిసారి ఎప్పుడు ఎక్కువొచ్చింది, బీపీ మాత్ర పేరేంటి, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది లేదు. జతచేసింది ఏజెంటు వాట్సాప్‌లో పంపిన రంగుల బ్రోచర్ ఒక్కటే. బ్రోచర్ చూసి ఏ పాలసీ మంచిదో ఎవరూ చెప్పలేరు. చూడాల్సింది పాలసీ వర్డింగ్, అంటే షరతులన్నీ ఉండే పూర్తి పత్రం. ఇంకో ప్రమాదం: చాలామంది ఏజెంట్లు తమ ఫోన్ నంబరు, తమ ఈమెయిల్ పెట్టి పాలసీ తీసేస్తారు. ఓటీపీ వాళ్లకు వెళ్తుంది, పత్రాలు వాళ్లకు వస్తాయి, ఫారంలో ఏం టిక్ పెట్టారో మీకు తెలియదు. తర్వాత ‘ఏజెంటే నింపాడు’ అంటే నిలబడదు, ప్రపోజల్ మీ పేరు మీదే ఉంటుంది. మీ నంబరు, మీ ఈమెయిల్ పెట్టి, మీ చేత్తో నింపి, నింపిన ఫారం నకలు దాచుకోండి.

అసలు కొనాలా అన్న ప్రశ్నకు: అమెరికా విజిటర్ వీసాకు ఇన్సూరెన్సు షరతు లేదు, నిజమే. యూరప్‌లోని షెంగెన్ దేశాలకైతే కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉంటేనే వీసా ఇస్తారు. షరతు లేదని వదిలేసే దేశం మాత్రం అమెరికా కాదు, అక్కడ వైద్యం ఎంత ఖరీదో మీ చెల్లినే అడగండి. కొనండి. ఇక్కడి మెడిక్లెయిమ్ సాధారణంగా విదేశంలో పనిచేయదు, దాన్ని నమ్ముకోకండి. మీరడిగిన గల్ఫ్ ఇన్సూరెన్సు ప్రవాసీ భారతీయ బీమా యోజన. ఎమిగ్రేషన్ క్లియరెన్సు (విదేశీ ఉద్యోగానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగానికి వెళ్లే కార్మికులకు రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ఇస్తారు. ప్రధానంగా ప్రమాద మరణం, శాశ్వత వైకల్యానికి 10 లక్షల కవర్. కూతురి పురుటికి వెళ్లే తల్లిదండ్రులకు అది వర్తించదు.

పాలసీ ఎంచుకునేటప్పుడు సామాను పోతే ఎంత, విమానం ఆలస్యమైతే ఎంత అన్నవి చూసి మురిసిపోకండి. చూడాల్సినవి మూడు. మొదటిది సబ్‌లిమిట్ల పట్టిక. అరవై దాటినవాళ్లకు చాలా పాలసీల్లో గది అద్దె, ఐసీయూ, సర్జన్ ఫీజు, అంబులెన్సు విడివిడిగా పరిమితులుంటాయి. పైన లక్ష డాలర్ల కవర్ అని ఉంటుంది, లోపల ఐసీయూకి రోజుకు రెండు వేల డాలర్లే అని ఉందనుకోండి, ఆసుపత్రి ఎనిమిది వేలు వేస్తే తేడా మీరే కట్టాలి. సబ్‌లిమిట్లు లేని పాలసీ ప్రీమియం ఎక్కువైనా మీ నాన్నగారికి అదే మేలు. లక్ష డాలర్లకు తగ్గకండి, వీలైతే రెండున్నర లక్షలు చూడండి. రెండోది ముందునుంచి ఉన్న జబ్బుల క్లాజు. కొన్ని పాలసీలు అసలు ఇవ్వవు. కొన్ని ప్రాణాపాయం ఉన్నప్పుడు, పరిస్థితి కుదుటపడేదాకా మాత్రమే, అదీ ఒక పరిమితిలోపు ఇస్తాయి. కుదుటపడ్డాక డయాలసిస్ కొనసాగించాల్సి వస్తే అది మీ ఖర్చే. ఆ పరిమితి ఎంతో అంకెల్లో చూసుకోండి. మూడోది రోజులు. బయల్దేరే రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా లెక్కగట్టి, పైన రెండు వారాలు కలపండి. పొడిగింపు కావాలంటే గడువు ముగియకముందే అడగాలి, ఈలోగా క్లెయిమ్ ఉంటే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

అమ్మానాన్నలు అక్కడికెళ్లాక మీ చెల్లి ఆన్‌లైన్‌లో అమెరికా విజిటర్ ప్లాన్ కొనొచ్చు, నిషేధమేమీ లేదు. పాత జబ్బు అకస్మాత్తుగా తీవ్రంగా తిరగబెడితే కొంతవరకు ఇచ్చే ప్లాన్లు అక్కడ ఉన్నాయి. కానీ తగాదా వస్తే అక్కడి చట్టం, అక్కడి లాయరు. ఇక్కడ కొన్న పాలసీ అయితే మీరు నివసించే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 2019 చట్టం ఆ హక్కు ఇచ్చింది. పైగా కమిషన్ పరిధిని క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాక, కట్టిన ప్రీమియాన్ని బట్టి చూస్తారు. బిల్లు కోటి రూపాయలైనా కేసు జిల్లా కమిషన్‌కే వస్తుంది. ప్రీమియం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు దాని గ్రీవెన్సు అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులో బీమా ఫిర్యాదులు పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కమిషన్‌కైతే గడువు రెండేళ్లు. రెండు చోట్లా ఒకేసారి నడపడానికి లేదు. కమిషన్‌లో కేసు పెండింగులో ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. కంపెనీకి ఈమెయిళ్లు పెడుతూ కూర్చుంటే గడువు ఆగుతుందనుకుంటారు చాలామంది. ఆగదు. కమిషన్ గడువుకు తిరస్కరణ లేఖ తేదీ నుంచే లెక్క.

నాన్నగారిని ఈ వారమే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లండి. ప్రయాణానికి అనుకూలమని సర్టిఫికెట్టు తీసుకోండి. డాక్టరు వద్దన్నా ప్రయాణిస్తే క్లెయిమ్ ఇవ్వబోమన్న మినహాయింపు చాలా పాలసీల్లో ఉంటుంది, దానికి ఇదే జవాబు. ఆయన వద్దంటే మాత్రం పాలసీ వెతకడం మానేసి ప్రయాణం మానుకోండి. ఫారంలో బీపీ ఎప్పటి నుంచో, మాత్ర పేరు, మోతాదు, క్రియాటినిన్ అంకెలు తేదీలతో, డయాలసిస్ లేదన్న సంగతి రాసి, తాజా రిపోర్టు జతచేయండి. ఒక కంపెనీ కాదంటే ఆ జవాబు రాతలో తీసుకుని ఇంకో కంపెనీకి వెళ్లండి. ‘గతంలో ఎవరైనా నిరాకరించారా’ అని ఆ ఫారంలో ఉంటే అదీ నిజమే రాయండి. వైద్య పరీక్షలు అడిగితే వారం పది రోజులు పడుతుంది, ఏడు వారాలు ఉన్నాయని నిర్లక్ష్యం చేయొద్దు.

పాలసీ నంబరు, సహాయ కేంద్రం ఫోన్ నంబరు రాసిన కాగితం ఒకటి నాన్నగారి జేబులో, ఒకటి చెల్లి దగ్గర ఉండాలి. ఆసుపత్రిలో చేర్చగానే, పాలసీలో చెప్పిన గంటల్లోపు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోవాలి. డిశ్చార్జి సమ్మరీ, పద్దులవారీ బిల్లు, చెల్లింపు రసీదులు, డాక్టరు సర్టిఫికెట్టు అక్కడ ఉండగానే తీసుకోవాలి. కవిటి నుంచి ఫోన్లు చేసి అమెరికా ఆసుపత్రి నుంచి కాగితం తెప్పించుకోవడం నెలల పని. బోర్డింగ్ పాసులు పారేయొద్దు. టికెట్ తేదీ మారితే పాలసీ తేదీ కూడా ప్రయాణం మొదలవకముందే మార్పించండి.