విమర్శలో ఏకవచనం, వదంతిలో ‘అట’

సందేహం: రాజకీయ నాయకులను, నటీనటులను మెచ్చుకునేటప్పుడు ‘అన్నారు’ అనీ, తప్పుపట్టేటప్పుడు ‘అన్నాడు’, ‘అంది’ అనీ రాయడం తరచు చూస్తున్నాను. ఇది వ్యాకరణ సమ్మతమేనా? వారి ఇంటి విషయాలు రాసి చివర ‘అట’ చేర్చితే రాసినవారి బాధ్యత తీరినట్లేనా?

సమాధానం: ‘మంత్రి అన్నాడు’ అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, కర్త ఒక్కరే కనుక క్రియ ఏకవచనంలో ఉంది. నన్నయ రాశాడు, కృష్ణదేవరాయలు పాలించాడు అన్నప్పుడు మనం వారిని కించపరచడం లేదు. చరిత్ర రచనలో అది స్థిరపడిన పద్ధతి. ఆటల వార్తల్లో ‘శతకం సాధించాడు’ అనడమూ అటువంటిదే. అయితే సమకాలీనులైన ప్రముఖుల గురించి రాసేటప్పుడు ‘గారు’ను వదిలి, ఆ గౌరవాన్ని క్రియలోని బహువచనంతోనే చూపడం వార్తారచనలో అలవాటైంది. అందువల్ల నిన్నటిదాకా ‘అన్నారు’ అని రాసిన మనిషినే ఇవాళ ‘అన్నాడు’ అంటే పాఠకుడికి అందులో ఈసడింపే వినిపిస్తుంది. ‘ఆయన సభకు తప్పుడు లెక్కలు చెప్పారు’ అని రాసినంత మాత్రాన అభియోగం తీవ్రత వీసమెత్తు తగ్గదు. పైగా చదివేవారి దృష్టి లెక్కల మీదనే నిలుస్తుంది.

స్త్రీల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మన క్రియకు ఏకవచనంలో స్త్రీలకంటూ వేరే రూపం లేదు. అమ్మాయి వచ్చినా బండి వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. చిన్నయసూరి బాలవ్యాకరణం కూడా ఏకవచనంలో స్త్రీవాచకాలను అమహత్తులలోనే, అంటే పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు ఉండే వర్గంలోనే చేర్చింది. మనుషులకు ప్రత్యేకమైన ‘వచ్చారు’ అనే రూపం స్త్రీలకు దక్కేది బహువచనంలోనే. కాబట్టి ఒకే వార్తలో నటుడు ‘చెప్పారు’, నటి ‘చెప్పింది’ అని రాయడం తగదు. ఈ తేడా రాసేవారి కంటికి ఆనకపోవడమే నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తోంది.

ఇక ‘అట’ సంగతి. తాను స్వయంగా చూడలేదనీ, ఒకరు చెప్పగా విన్నాననీ తెలపడానికి దాన్ని వాడతాం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ‘రేపు సెలవట’ అంటే ‘ఎవరు చెప్పారు?’ అని అడిగి తెలుసుకోవచ్చు. అచ్చయిన వాక్యాన్ని అలా అడగలేం. పైగా ‘ఆ దంపతులు విడిపోతున్నారట’ అన్న మాట నలుగురి నోళ్లలో నానేసరికి ‘అట’ జారిపోయి ‘విడిపోతున్నారు’ మాత్రమే మిగులుతుంది. ‘విడిపోతున్నారా?’ అని శీర్షికకు ప్రశ్నార్థకం తగిలించడమూ ఇంతే. రాసినవారికి అది ఒక చాటు. రాయబడినవారికి జరిగే నష్టంలో తేడా ఏమీ లేదు.

పదవిలో ఉన్నవారు ప్రజాధనం ఎలా ఖర్చుపెట్టారన్నది అడిగి తీరవలసిన విషయం. అక్కడ కూడా ‘ఖర్చుపెట్టారట’ అని సరిపెట్టక, ఏ నివేదికలో ఉందో, ఎవరు చెప్పారో రాయాలి. వారి దాంపత్యం, అనారోగ్యం, పిల్లల చదువు వారి విధులతో ముడిపడనంత వరకు వారి సొంత విషయాలు. అనారోగ్యం వల్ల విధులకు ఆటంకం కలిగితే ‘అనారోగ్యంతో సెలవులో ఉన్నారు’ అనడంతో పాఠకుడికి తెలియవలసింది తెలుస్తుంది. రోగం పేరు ఊహించి దానికి ‘అట’ చేర్చవలసిన పని లేదు.