హైన్రిక్ న్యూహాస్ ఎవరు? పియానో టీచర్లు ఆయన పేరు ఎందుకంతగా తలుచుకుంటారు?

ప్రపంచ ప్రసిద్ధ సోవియట్ పియానిస్టులు రిఖ్టర్, గిలెల్స్ ఇద్దరికీ గురువు. ఆ ఒక్క మాట చాలు నిజానికి.

1888లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, పియానో టీచర్ల ఇంట్లో పుట్టారు. వియన్నాలో ప్రసిద్ధ పియానిస్టు గొడోవ్‌స్కీ దగ్గర నేర్చుకున్నారు. 1922 నుంచి మాస్కో కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) పాఠాలు చెప్పారు. 1941లో అరెస్టు చేసి నెలల తరబడి జైల్లో పెట్టారు, తర్వాత మాస్కోకి దూరంగా ఉన్న స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరానికి పంపేశారు. తిరిగొచ్చి మళ్లీ పాఠాలే. 1964లో పోయారు.

ఆయన 29వ నంబరు గదిలో ఒకరి పాఠం నడుస్తుంటే మిగతావాళ్లంతా కూర్చుని వినేవారు. మన గురుకులాల్లో లాగే. 1937లో ఒడెస్సా నుంచి రిఖ్టర్ వచ్చేసరికి అతనికి 22 ఏళ్లు, చాలావరకు సొంతంగా నేర్చుకున్నవాడు. అలాంటివాణ్ని పాత పద్ధతిలోకి వంచకుండా వదిలేయడం నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని.

న్యూహాస్ పట్టుబట్టిన విషయం ఒకటే: పియానో మెట్ల మీద వేలు పడకముందే ఆ సంగీతం మనసులో వినబడాలి. 1958లో వచ్చిన ఆయన పుస్తకం నిండా ఇదే.

సికింద్రాబాద్‌లో నా దగ్గర నేర్చుకునే ఒక పాప గ్రేడ్ పరీక్ష కోసం షోపాన్ వాల్ట్జ్‌ని గబగబా వాయించేసేది. పియానో మూత వేసి, "ముందు పాడమ్మా" అన్నాను. సిగ్గుపడింది. నాలుగోసారి పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తనకే తెలిసింది. మూత తీశాక, చెప్పకుండానే వేళ్లు సరిగ్గా అక్కడే ఆగాయి.